మోటారు సైకిలుకు కాపలా: గంట, గుంజ, చెవిపోగు

(అరసవల్లిలో జరిగిన పాల సంఘాల సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మమ్మల్ని రిజిస్టర్ల నిర్వహణ గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి భోజనాల తరువాత చెప్పుకుందాం. ఉదయం మీరు వచ్చి కూర్చున్నపుడు మీ మాటలు విన్నాము. నలుగురు కలిస్తే ఒకరు బండి పోయిందని, మరొకరు బండికి అలారం పెట్టించానని, యింకొకరు ఫోనులో బండి ఎక్కడుందో కనిపించే పరికరం కొనమంటారా అని మాట్లాడుకుంటున్నారు. పాల సంఘానికీ దీనికీ ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. ఒకప్పుడు పాలు కావడి మీదా సైకిలు మీదా వచ్చేవి. ఇప్పుడు మన సంఘాలలో క్యాను ఎక్కేది మోపెడు మీదా మోటారు సైకిలు మీదా. ఆ బండి పోతే ఆ పూట పాలు కేంద్రానికి వేళకు చేరవు. వేళ తప్పిన పాలు పులుస్తాయి, పులిసిన పాలను టెస్టరు తిప్పి పంపుతారు. కావున పాడి గేదె తరువాత ఆ యింటికి ఆధారం ఆ బండే.

ముందు ఒక సభ్యుని సంగతి చెబుతాము. పేరూ ఊరూ అక్కరలేదు. ఆయన కొత్త బండి వాయిదాల మీద కొన్నారు. కొని ఏడాదిన్నర అయింది. ఒక ఆదివారం సకుటుంబంగా ఆదిత్యుని దర్శనానికి అరసవల్లి వచ్చారు. జనం ఎక్కువగా వున్నారని, బండ్ల స్టాండులో చోటు లేదని, రోడ్డు పక్క ఒక గోడవారన బండి నిలిపి, హ్యాండిల్ లాకు వేసి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి బండి లేదు. మేము ఆ సంఘానికి తనిఖీకి వెళ్ళినపుడు ఆయన్ను పరామర్శించబోతే, దిగులు లేకుండా నవ్వుతూ, "ఐదేళ్ళ ఇన్సూరెన్సు కట్టీసినాం గదా బాబూ, మరేటి భయం?" అన్నారు.

ఆ కాగితం తెప్పించి చూశాము. చూసిన తరువాత ఆయన ముఖం వంక చూడడానికి మాకు మనసొప్పలేదు. ఆ కాగితంలో రెండు భాగాలు వున్నవి. ఐదేళ్ళు అని వ్రాసినది మూడవ పక్షం భీమా. అంటే మన బండి వల్ల ఎదుటివారికి దెబ్బ తగిలితే వారికిచ్చే పరిహారం. రెండవది సొంత నష్టానికి భీమా. దొంగతనం దీని కిందికే వస్తుంది. అది ఒక్క ఏడాదికే వున్నది. ఆ ఏడాది దాటి ఆరు నెలలయింది. దొంగతనానికి ఆయనకు రావలసింది ఒక్క రూపాయి కూడా లేదు. బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా కట్టవలసిందే. బండి పోయిందని అప్పు పోదు గదా.

ఈ పొరపాటు ఆయనొక్కరిదే కాదు. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ మూడవ పక్షం భీమా ఒకేసారి తీసుకోవాలనే నియమం సుప్రీంకోర్టు ఆదేశం మీద వచ్చింది. షాపులో బండితో పాటు యిచ్చే కాగితంలో సాధారణంగా సొంత నష్టం ఒక ఏడాదికి, మూడవ పక్షం ఐదేళ్ళకు వుంటుంది. ఐదు అనే అంకె చూసి మనం నిశ్చింతగా వుంటాము. ఈ సభలో వున్న వారు యింటికి వెళ్ళగానే చేయవలసిన మొదటి పని ఆ కాగితం తీసి, సొంత నష్టం గడువు ఏ తేదీతో ముగుస్తుందో చూడడం. ముగిసిపోతే, సొంత నష్టం వరకు విడిగా పాలసీ తీసుకొనే సౌకర్యం 2019 సెప్టెంబరు నుండి వుంది.

నష్టం ఎంతో లెక్క వేసి చూద్దాం. భీమా కంపెనీ బండి పాత ధరను వయసును బట్టి తగ్గించి లెక్కకడుతుంది. ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం తగ్గించడం వాడుకలో వున్న పద్ధతి. 80,000 రూపాయల బండి అయితే, ఏడాదిన్నరకు 20 శాతం అంటే 16,000 పోను 64,000 రూపాయలు. సొంత నష్టం పాలసీ వుంటే ఆయనకు దాదాపు అంత వచ్చేది. ఆ పాలసీకి కట్టవలసింది సాధారణంగా వెయ్యి రూపాయలకు అటూ యిటూ. రోజుకు 8 లీటర్లు పోసే సభ్యునికి లీటరుకు 50 రూపాయలని లెక్కకు అనుకుందాం. రోజుకు 400. 64,000 అంటే 160 రోజుల పాల డబ్బు. దాణా, గడ్డి, మందుల ఖర్చు తీయకుండానే ఐదు నెలల పైన శ్రమ. వెయ్యి రూపాయల దగ్గర చూసుకోక అంత పోగొట్టుకున్నాము.

ఇక పరికరాల సంగతి. మనం పాడి రైతులం గనుక పశువుల భాషలోనే చెప్పుకుందాం. గేదెకు మనం నాలుగు విధాల కాపలా పెడతాము. మెడలో గంట కడతాము. గుంజకు కట్టేస్తాము. మేతకు వెళితే వెంట కాపరిని పంపుతాము. చెవికి పోగు వేయించి భీమా చేయిస్తాము. బండికి కూడా యీ నాలుగే వున్నవి. అలారం గంట వంటిది. గొలుసు, తాళం గుంజ వంటివి. జాడ తెలిపే పరికరం కాపరి వంటిది. నంబరు పలక, భీమా కాగితం చెవిపోగు వంటివి. ఒకటి వుంటే రెండవది అక్కరలేదని ఏ పాడి రైతూ అనడు.

మొదట గంట, అంటే అలారం. దీనిలో కుదుపును పసిగట్టే చిన్న ముక్క ఒకటి వుంటుంది. బండిని ఎవరైనా కదిలిస్తే అది తెలుసుకొని సైరను మ్రోగిస్తుంది. కొన్నింటిలో యింజను స్టార్టు కాకుండా కరెంటు తెంచే ఏర్పాటు కూడా వుంటుంది. మంచిదే. కాని గమనించవలసినవి మూడు వున్నవి.

ఒకటి, బ్యాటరీ. అలారం రాత్రింబగళ్ళు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే వుంటుంది. చిన్న బండి బ్యాటరీ 4 ఆంపియర్ గంటలది అనుకుంటే, అలారం 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే, 400 గంటలలో అంటే దాదాపు 16 రోజులలో బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతుంది. స్టార్టు కావడానికి అంతకు చాలా ముందే మొరాయిస్తుంది. రోజూ తిరిగే బండికి చార్జి ఎక్కుతూ వుంటుంది గనుక ఇబ్బంది లేదు. ఊరికి వెళ్ళి పది రోజులు నిలిపిన బండికి, ముసలి బ్యాటరీకి మాత్రం కష్టం.

రెండు, వైర్లు. అలారం బిగించేవారు బండి వైర్లను కోసి అతుకులు వేస్తారు. అతుకు సరిగా లేకపోతే వానలో నీరు దిగి షార్టు అవుతుంది. కొత్త బండి అయితే కంపెనీ వారంటీ పోయే ప్రమాదం కూడా వుంది. బిగించే ముందే షోరూములో అడిగి, వీలయితే వ్రాయించుకోవాలి.

మూడు, ఆ మ్రోత వినేవారు కావాలి. దీనికి మా అనుభవమే వుంది. మేము కూడా ఒకప్పుడు బండికి అలారం పెట్టించాము. దాని సున్నితం ఎంతగా వుండేదంటే, వీధిలో లారీ వెళ్ళినా మ్రోగేది, పిల్లి ఎక్కినా మ్రోగేది. మొదటి వారం యిరుగుపొరుగు వారు లేచి వచ్చారు. రెండవ వారం తిట్టారు. మూడవ వారం నుండి ఎవరూ తలుపు తీయలేదు. ఒక రాత్రి అది నిజంగానే మ్రోగింది. మేము కూడా పిల్లి అనుకొని పడుకున్నాము. తెల్లవారి చూస్తే బండి వుంది గాని, పెట్రోలు ట్యాంకు ఖాళీ. పులి కథలో పిల్లవాని వలె మా అలారం మాట ఎవరూ నమ్మలేదు, చివరకు మేమూ నమ్మలేదు. కావున సున్నితాన్ని సరిచేయించుకోవాలి, పొరుగువారితో ఒక మాట అనుకొని వుండాలి.

రెండవది గుంజ. దీనిని మనం చిన్నచూపు చూస్తాము గాని, మా వరకు అన్నిటికన్నా నమ్మకమైనది యిదే. హ్యాండిల్ లాకు ఒక్కటే చాలదు. బలమైనవాడు ఒక్క ఊపుతో దానిని విరగ్గొట్టగలడు. గట్టి గొలుసును చక్రంలో నుండి, ఫ్రేములో నుండి దూర్చి, కదలని స్తంభానికో యినుప కమ్మికో వేసి తాళం పెట్టాలి. చక్రానికి మాత్రమే వేసి వదిలితే, ఇద్దరు మనుషులు బండిని ఎత్తి ఆటోలో వేసుకొని పోగలరు. డిస్క్ బ్రేకు వున్న బండికి డిస్క్ లాకు మంచిదే. అది వేసినట్టు మరచి బండి తీస్తే పడిపోతాము, కాబట్టి గుర్తుకు ఒక రంగు గుడ్డ హ్యాండిలుకు కట్టుకోండి.

ఇక్కడ మనలో ప్రతివారు చేసే ఒక తప్పు చెప్పాలి. ఉదయం ఐదున్నరకు సేకరణ కేంద్రం దగ్గర నిలబడి చూడండి. పది బండ్లు వుంటే వాటిలో ఏ రెండిటికో తప్ప తాళం చెవి బండికే వేలాడుతూ వుంటుంది. కొన్నిటికి యింజను కూడా ఆగదు. క్యాను దించడం, పాలు కొలిపించడం, వెన్న శాతం చూపించుకోవడం, కార్డు మీద వ్రాయించుకోవడం. పది నిమిషాలు మన చూపు పాల మీదే వుంటుంది. పాలు పోసే వేళ ఊరందరికీ తెలుసు, దొంగకూ తెలుసు. తాళం చెవి బండికే వున్నపుడు ఏ అలారం ఏమి చేస్తుంది? భీమా కంపెనీ వారు కూడా దొంగతనం క్లెయిముకు రెండు తాళం చెవులూ తెమ్మంటారు. ఒకటి బండితో పోయిందంటే, మీ అజాగ్రత్త వల్ల పోయిందని అభ్యంతరం పెడతారు. చెవిపోగు చూపనిదే గేదె క్లెయిము కదలదని మీకు తెలుసు. ఇదీ అంతే.

మూడవది కాపరి, అంటే జాడ తెలిపే పరికరం. చాలామంది ఉపగ్రహం పై నుండి మన బండిని చూస్తూ వుంటుందని అనుకుంటున్నారు. అలా కాదు. ఉపగ్రహానికి మన బండి సంగతి తెలియదు. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయాన్ని తెలిపే సంకేతాలు పంపుతూ వుంటాయి. పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకొని, అవి వచ్చిన సమయాల తేడాను బట్టి తాను ఎక్కడున్నదో లెక్క కట్టుకుంటుంది. మన దేశానికి కూడా నావిక్ అనే సొంత ఏర్పాటు వుంది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండే పంపారు. ఇంతవరకు మొదటి సగం పని.

రెండవ సగం పనిలోనే చిక్కంతా వుంది. లెక్క కట్టుకున్న చోటును మన ఫోనుకు చెప్పాలంటే ఆ పరికరంలో ఒక సిమ్ వుండాలి, ఆ సిమ్‌కు రీచార్జి వుండాలి, ఆ ప్రాంతంలో టవరు వుండాలి. రీచార్జి అయిపోతే కాపరి నోరు కట్టినట్టే. బండిని రేకుల షెడ్డులోనో మూసిన లారీలోనో పెడితే సంకేతాలు సరిగా అందవు. అప్పుడు చివరిగా తెలిసిన చోటే చూపిస్తుంది. బండి బ్యాటరీ వైరు పీకితే పరికరం ఆగిపోతుంది, లోపల సొంత బ్యాటరీ వుంటే కొన్ని గంటలు పనిచేస్తుంది. అందుచేత కొనేటపుడు నాలుగు అడగండి. లోపల సొంత బ్యాటరీ వుందా? వైరు పీకితే ఫోనుకు కబురు వస్తుందా? మా ఊరిలో వచ్చే నెట్‌వర్కు సిమ్ దీనికి పనికివస్తుందా? రెండవ ఏడాది నుండి ఎంత కట్టాలి? పాత రకం పరికరాలు కొన్ని 2జి మీదే పనిచేస్తాయి. 2జి లేని కంపెనీ సిమ్ వేస్తే అవి పలకవు.

ఫోనుతో జత అయ్యే చిన్న బిళ్ళలు కూడా వస్తున్నవి. వాటికి సిమ్ వుండదు. దగ్గరలో తిరిగే ఇతరుల ఫోన్ల ద్వారా తమ ఉనికిని తెలుపుతాయి. ఏడు రోడ్ల కూడలిలో అది పనికివస్తుంది, మనుషులు లేని తోటలో పనికిరాదు.

ఫోనులో బండి జాడ కనిపించిందని ఉద్రేకంతో నలుగురు కుర్రవాళ్ళను వెంటేసుకొని మీరే వెళ్ళవద్దు. 112కు ఫోను చేసి, స్టేషనుకు వెళ్ళి, ఆ చోటు పోలీసువారికి చూపించండి. బండి తిరిగి వస్తుంది గాని మనిషికి దెబ్బ తగిలితే ఆ నష్టం తీరదు. ఆలస్యమూ చేయవద్దు. మన జిల్లా నుండి జాతీయ రహదారి ఎక్కి ఇచ్ఛాపురం దాటితే ఒడిశా రాష్ట్రం. బండి పూట లోపల రాష్ట్రం దాటగలదు.

నాలుగవది చెవిపోగు. మన పశువులకు 12 అంకెల పోగు వేస్తున్నారు. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లకు అధిక భద్రత నంబరు పలకలు కూడా అట్లే. ఒకసారి బిగించిన కీలు తీస్తే తిరిగి పనికిరాదు. పలక మీద విడి సంఖ్య చెక్కి వుంటుంది. దానిని తీసి రంగురంగుల పలక పెట్టించుకునే కుర్రవాళ్ళకు మీరే చెప్పాలి. యింజను నంబరు, చాసిస్ నంబరు ఒక కాగితం మీద వ్రాసి, ఆర్.సి. నకలు, భీమా నకలు, రెండవ తాళం చెవి కలిపి యింట్లో వుంచండి. బండి డిక్కీలో కాదు. కాగితాలన్నీ బండిలోనే పెట్టి, బండితో పాటు పోగొట్టుకున్నవారిని చూశాము.

ఇంత చేసినా పోతే? ఆ రోజే రెండు చోట్లకు తెలపాలి. పోలీసుకు, భీమా కంపెనీకి. 2024 జూలై 1 నుండి అమలులో వున్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షను కింద వస్తుంది. కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదును ఏ స్టేషనులోనైనా యివ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల లోపల సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు మీకు ఉచితంగా యివ్వాలి, అడిగి తీసుకోండి. పోలీసుకు వెంటనే తెలిపి, కంపెనీకి తెలపడంలో కొంత ఆలస్యమైనంత మాత్రాన నిజమైన క్లెయిమును తోసివేయరాదని సుప్రీంకోర్టు 2020 జనవరి 24న తీర్పు చెప్పింది. తీర్పు వుంది గదా అని మీరు ఆలస్యం చేయవద్దు. ఏళ్ళ తరబడి కోర్టుకు తిరిగిన వారి వల్ల వచ్చిన తీర్పు అది.

బండి దొరికితే స్టేషను ఆవరణలో తుప్పు పట్టనివ్వకండి. మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకుంటే కేసు నడుస్తుండగానే షరతుల మీద మీకు అప్పగిస్తారు. వాహనాలను స్టేషన్లలో ఏళ్ళ తరబడి వుంచరాదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

మరొక మాట. చవకగా వచ్చిందని కాగితాలు లేని బండి కొనవద్దు. దొంగసొత్తు అని తెలిసి గాని, అనుమానించడానికి కారణం వుండి గాని కొనడం కూడా నేరమే. 317వ సెక్షను కింద మూడేళ్ళ వరకు శిక్ష. కొనేవారు వుండబట్టే దొంగకు పని. పాత బండి కొంటే నంబర్లు సరిచూసి, 30 రోజుల లోపల పేరు మార్పించుకోండి. అమ్మినవారు 14 రోజుల లోపల రవాణా కార్యాలయానికి తెలపాలి. పేరు మారకపోతే ఆ బండి వల్ల ప్రమాదం జరిగినపుడు పరిహారం భారం ఆర్.సి.లో పేరున్నవారి మీదే పడుతుంది.

ఇక పాలకవర్గాలకు మా మాట. కొన్ని సంఘాలు టెస్టరుకో కార్యదర్శికో సంఘం డబ్బుతో బండి కొని యిచ్చినవి. దానికి జాడ పరికరం పెట్టదలిస్తే తీర్మానం వ్రాయండి. పరికరాన్ని స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. సిమ్ సంఘం పేర వుండాలి. ఒకచోట సిమ్ కార్యదర్శి సొంత పేర తీశారు. ఆయన మానుకున్నపుడు సిమ్ ఆయనతో పోయింది, పాస్‌వర్డూ పోయింది. బండి ఎక్కడున్నదో సంఘానికి తెలియదు, మానుకున్నాయనకు తెలుసు! బండి నడిపేవారికి పరికరం వున్నదని ముందే చెప్పాలి. తెలియకుండా పెట్టి వెంబడించడం సహకార ధర్మం కాదు. రీచార్జి తేదీ, భీమా గడువు తేదీ రెండూ కార్యాలయం గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. సంఘం నగదు, పాల రిజిస్టరు రాత్రిపూట డిక్కీలో వుంచరాదు. బండి పోతే భీమా వుంది. సభ్యుల పాల లెక్క పోతే దానికి ఏ భీమా లేదు.

రథసప్తమి నాడు యీ అరసవల్లికి ఎంత జనం వస్తారో మీకు చెప్పనవసరం లేదు. ఆ రోజు బండిని ఊరి వెలుపలైనా సరే స్టాండులో పెట్టి, చీటీ జేబులో వేసుకొని, నాలుగడుగులు నడిచి రండి. ఆ నడక కూడా స్వామి సేవే అనుకోండి.

చివరగా ప్రతి సంఘాన్నీ మేము కోరేది రెండే. సేకరణ కేంద్రం ముందు గట్టి యినుప కమ్మి ఒకటి సిమెంటు వేసి పాతించండి, గొలుసులు కట్టుకోవడానికి. ఖర్చు తక్కువ, మనసులు కలిస్తే ఒక పూట పని. రెండవది, వచ్చే నెల సమావేశానికి ప్రతి సభ్యుడూ తన భీమా కాగితం తేవాలని చాటింపు వేయండి. చదువు వచ్చిన వారు రానివారికి గడువు తేదీ చూసి చెప్పండి. ఆ సభ్యుడు ఏడాదిన్నరలో ఒక్కసారైనా తన కాగితం ఎవరికైనా చూపించి వుంటే, ఆయన యీ రోజు తలమీద క్యాను పెట్టుకొని మూడు మైళ్ళు నడవవలసిన పని వుండేది కాదు. ఒకరి కాగితం ఒకరు చదివి పెట్టడం కూడా సహకారమే.

 భోజనాలకు లేచే ముందు బయట నిలిపిన మీ బండ్ల దగ్గరకు ఒకసారి వెళ్ళి రండి. లోపలికి వస్తూ మేము చూశాము, మూడింటికి తాళం చెవులు వేలాడుతూనే వున్నవి.